కొడుకు కోసం రాయి ఎత్తిన తండ్రి: ‘డార్క్’లో ఉల్రిక్‌ని ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ‘డార్క్’ అనే జర్మన్ సీరీస్ చూశారు. ఉల్రిక్ నీల్సెన్ మీద కోపం వస్తోంది, జాలీ వేస్తోంది. పెళ్ళాన్ని మోసం చేసినవాడే కొడుకు కోసం కాలాన్ని దాటి వెళ్ళాడు. మీ ఫ్రెండ్ అతన్ని గొప్ప తండ్రి అంటున్నాడు, మీకు మనసు ఒప్పడం లేదు. ఒంగోలులో కాలేజీ పోటీలకి ఇలాంటి తండ్రితోనే ఒక నాటిక రాస్తున్నారు కాబట్టి, ఈ పాత్రని ఎలా విప్పి చూడాలో చెప్పమన్నారు.

నేను ఇరవై ఏడేళ్ళుగా కావలి, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పరిషత్తులకి నాటికలు రాసి ఆడిస్తున్నాను. రాసినవాటిలో తండ్రి పాత్రలే ఎక్కువ. ఆ అనుభవంతో చెబుతున్నాను. సీరీస్ చూడనివాళ్ళు ఇక్కడితో ఆపేయండి, కథంతా బయటపడుతుంది.

సూటిగా చెప్పాలంటే, ఉల్రిక్‌కి కొడుకు మీద ప్రేమ తక్కువేమీ కాదు. కానీ కొడుకు తప్పిపోయిన క్షణం నుంచి అతను వెతికింది కొడుకుని కాదు, దోషిని. మంచి తండ్రా, చెడ్డ తండ్రా అని అడిగితే ఈ పాత్ర మీకు చిక్కదు. ‘ఇప్పుడు ఈ సీన్‌లో ఇతను ఎవరిని వెతుకుతున్నాడు?’ అని ప్రతి సీన్ దగ్గరా అడగండి, మనిషి మొత్తం బయటికొస్తాడు.

మర్చిపోయినవాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. జర్మనీలో విండెన్ అనే ఊరు, ఊరి పక్కనే అణు విద్యుత్ కేంద్రం, అడవిలో ఒక గుహ. ఆ గుహలోంచి ముప్పై మూడేళ్ళు వెనక్కో ముందుకో పోవచ్చు. 2019, 1986, 1953 అలా ముడిపడి ఉంటాయి. ఉల్రిక్ ఆ ఊళ్ళో పోలీసు. 1986లో అతని తమ్ముడు మాడ్స్ మాయమయ్యాడు. 2019 నవంబర్ 4 రాత్రి చిన్న కొడుకు మిక్కెల్ మాయమయ్యాడు. మిక్కెల్ గుహలోంచి 1986కి వెళ్ళి అక్కడే ఉండిపోయి, ఒక నర్సు ఇంట్లో పెరిగి, పేరు మారి, పెళ్ళి చేసుకుని యోనాస్‌కి తండ్రవుతాడు. అంటే కొడుకు తప్పిపోయిన రోజుకే ఆ కొడుకు పెరిగి పెద్దవాడై, అదే ఏడాది జూన్‌లో ఉరేసుకుని చనిపోయి ఉన్నాడు. ఊరు చిన్నది. పెద్దవాడైన ఆ మిక్కెల్‌ని ఉల్రిక్ ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు. అంతేనా, అతని భార్య హన్నాతోనే సంబంధం పెట్టుకున్నాడు. కోడలని తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ రచయితలు ఈ ముడిని ఊరికే వేయలేదు. కళ్ళెదుట ఉన్న మనిషిని చూడకపోవడం ఈ పాత్రకి మొదటినుంచీ ఉన్న గుణం.

ఇక అసలు సీన్‌కి వద్దాం. మీరు వ్యాసం రాసినా, నాటిక రాసినా దీని చుట్టూనే తిరగాలి.

ఉల్రిక్ పాత కేసు కాగితాలు తిరగేసి, 1986లో అణు కేంద్రంలో కాపలా పని చేసిన హెల్గె డాప్లర్ మీద అనుమానపడతాడు. 2019కి హెల్గె మతి చెదిరిన ముసలివాడు, వృద్ధాశ్రమంలో ఉంటాడు. అతను గుహలోకి పోతుంటే ఉల్రిక్ వెంటపడతాడు, దారి తప్పి 1953లో తేలతాడు. అక్కడ హెల్గె తొమ్మిదేళ్ళ పిల్లవాడు. ‘వీణ్ణి ఇప్పుడే చంపేస్తే నా తమ్ముడూ పోడు, నా కొడుకూ పోడు’ అనుకుంటాడు. రాయి ఎత్తి ఆ పిల్లవాడి ముఖం మీద కొడతాడు.

ఇక్కడ ఆగి ఒక్కసారి చూడండి. తన పసివాడి కోసం ఇల్లు వదిలి వచ్చిన తండ్రి ఎదుట ఒక పసివాడు ఉన్నాడు. ఇంచుమించు మిక్కెల్ వయసే. భయపడితే వాడి కళ్ళూ అలాగే పెద్దవవుతాయి. ఉల్రిక్‌కి వాడిలో పిల్లవాడు కనిపించలేదు, అరవై ఆరేళ్ళ తర్వాతి ముసలివాడు కనిపించాడు. రాయి పడింది మాత్రం పిల్లవాడి మీద.

పిల్లవాడు చావలేదు. ముఖం మీద మచ్చ, పాడైపోయిన చెవి మిగిలాయి. 2019లో ముసలి హెల్గెని మొదటిసారి చూసినప్పుడే ఆ మచ్చ మనకి కనిపిస్తుంది. కాలప్రయాణ కథకి ఉన్న బలం ఇదే. మామూలు కథలో చేసిన తప్పు ముందు కనిపిస్తుంది, దాని ఫలితం తర్వాత వస్తుంది. ఇక్కడ ఫలితం ముందే మన కళ్ళెదుట కూర్చుని ఉంటుంది. ఉల్రిక్ ఆ మచ్చనే చూస్తూ ఆ ముసలివాణ్ణి నిలదీశాడు. అది తన చేతి గుర్తని అప్పటికి అతనికి తెలియదు.

హెల్గె పూర్తిగా అమాయకుడా అంటే కాదు. పెద్దయ్యాక నోవా అనేవాడి చేతికింద పనిచేసి, పిల్లల మీద జరిగిన ప్రయోగాల్లో పాలుపంచుకున్నాడు. ఆ ప్రయోగాలకే మాడ్స్ బలైపోయాడు. కాబట్టి ఉల్రిక్ అనుమానంలో సగం నిజం ఉంది. కానీ మిక్కెల్ పోయింది హెల్గె వల్ల కాదు. ఆ రాత్రి మిక్కెల్‌ని గుహలోకి నడిపించింది యోనాస్ అని రెండో సీజన్‌లో తెలుస్తుంది. సగం నిజం చేతిలో ఉన్నవాడు పూర్తిగా పొరబడినవాడి కన్నా ప్రమాదం, ఎందుకంటే వాణ్ణి ఎవరూ ఆపలేరు. మీ నాటికలో తండ్రి అనుమానానికి కూడా కొంత ఆధారం ఉండాలి. ఉత్త భ్రమ పడే తండ్రిని చూసి ప్రేక్షకులు జాలిపడి ఊరుకుంటారు, తమని అతనిలో చూసుకోరు.

ఇదంతా నాకు ఇంత గట్టిగా ఎందుకు తగిలిందో చెప్పాలి. ఇది మా ఇంట్లో జరిగిన కథ.

1990ల మొదట్లో మా తీరంలో టైగర్ రొయ్య అంటే బంగారం. వరి మళ్ళు కూడా తవ్వి గుంటలు చేశారు. మా నాయన ఆరెకరాలు లీజుకి తీసుకున్నాడు. 1995లో తెల్లమచ్చ రోగం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే గట్టు మీదకి పోతే రొయ్యలన్నీ అంచులకి వచ్చేసి ఉన్నాయి, ఒళ్ళు ఎర్రబడి, మేత ముట్టకుండా. నాయన ఒకటి చేతిలోకి తీసుకుని తలపెంకు ఊడదీసి ఎండకి పట్టాడు. లోపల ముగ్గు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ చేతిని ఆయన లుంగీకి తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

అప్పుడు తీరమంతా అదే పరిస్థితి. సీడుతో (గుంటలో వేసే రొయ్యపిల్లలతో) వచ్చిందో, నీళ్ళతో వచ్చిందో, పీతలు తెచ్చాయో చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. కానీ నాయనకి ఒక మనిషి కావాలి. పక్క గుంటల ఆసామి రోగం తగిలిన నీళ్ళు రాత్రికి రాత్రి కాలవలోకి వదిలేశాడని పట్టుబట్టాడు. అందులోనూ సగం నిజం ఉంది, ఆయన నీళ్ళు వదిలినమాట వాస్తవమే. తొమ్మిదేళ్ళు కేసు నడిచింది. నాయన దగ్గర ఒక నీలం రెక్సిన్ సంచి ఉండేది. అందులో ఒక నోటుపుస్తకం, పక్కాయన ఏ రోజు ఏ గంటకి మోటరు వేశాడో, ఎంతసేపు ఆడించాడో అన్నీ రాసి ఉండేవి. ఆ సంచి చంకలో పెట్టుకుని కోర్టుకి పోతూ ‘ఇదంతా ఎవరికోసం రా? మీకోసమే కదా’ అనేవాడు. ఆ మాటలో అబద్ధం ఇసుమంత కూడా లేదు. నేను ఇంటర్ రెండో ఏడు పరీక్ష ఫీజు కట్టలేదనీ, ఐసు ఫ్యాక్టరీలో పనికి పోతున్నాననీ ఆయనకి తెలిసింది మాత్రం ఏడాదిన్నర తర్వాత. పక్కాయన మోటరు లెక్క నిమిషాలతో సహా తెలిసిన మనిషికి, రోజూ రాత్రి తన పక్కన కూర్చుని అన్నం తినే కొడుకు చేతులు ఐసు పట్టి పగిలిపోయాయని తెలియలేదు.

మా నాయనని నేను చెడ్డ తండ్రి అనలేను, మంచి తండ్రి అని కూడా అనలేను. ఉల్రిక్ రాయి ఎత్తిన సీన్ చూసిన రాత్రి నాకు ఆ నీలం సంచే గుర్తొచ్చింది.

తప్పు దుఃఖం వల్ల పుట్టిందా, ముందే ఉందా? మీ ఫ్రెండ్ ‘పాపం, కొడుకు పోయిన బాధలో చేశాడు’ అంటున్నాడు కదా. దీనికి సీరీస్‌లోనే జవాబుంది, చాలామంది గమనించరు. మూడో సీజన్‌లో దీనికి సమాంతరంగా నడిచే రెండో లోకం చూపిస్తారు. అక్కడ మిక్కెల్ తప్పిపోడు, కాలంలో చిక్కుకోడు. మరి ఉల్రిక్ ఎలా ఉన్నాడు? భార్య కథరీనాని వదిలేసి హన్నాని చేసుకున్నాడు. హన్నా కడుపుతో ఉంటే తోటి పోలీసు షార్లెట్‌తో తిరుగుతున్నాడు. అంటే అతనికి కొడుకు పోయిన కష్టం రాని చోట కూడా, ఎదుట ఉన్నవాళ్ళని వదిలి ఇంకోవైపు చూసే గుణం అలాగే ఉంది. దుఃఖం ఆ గుణాన్ని పుట్టించలేదు, దాని చేతికి రాయి ఇచ్చింది. అతని తండ్రి ట్రోంటె కూడా ఇంట్లో భార్య ఉండగా క్లాడియా అనే ఇంకో ఆవిడ దగ్గరికి పోయినవాడే. మీరు వ్యాసం రాస్తే ఈ పోలికని తప్పకుండా వాడండి. ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లో పెట్టి చూపించే సౌకర్యం ఇలాంటి కథల్లోనే దొరుకుతుంది.

ఇంకో అభ్యంతరం మీకు ఎదురవుతుంది. ‘అక్కడ అన్నీ ముందే జరిగిపోయి ఉన్నాయి, ఎవరూ దేన్నీ మార్చలేరు, అలాంటప్పుడు ఉల్రిక్‌ని తప్పుపట్టడం ఏమిటి?’ అని. ఇది పాత ప్రశ్నే. మన నెల్లూరు తిక్కన గారి భారతంలో ధృతరాష్ట్రుణ్ణి చూడండి. విదురుడు చెబుతాడు, సంజయుడు చెబుతాడు, అంతా వింటాడు, చివరికి భారం దైవం మీద వేస్తాడు. అది విధే కావచ్చు. కానీ ఆ విధి జరగడానికి కొడుకు మాట కాదనలేని ఒక తండ్రి కావాల్సి వచ్చింది, ఆ తండ్రి ధృతరాష్ట్రుడే. విండెన్‌లో కూడా అంతే. ఆ రాయి పడక తప్పదు, నిజమే. పడక తప్పనిది ఉల్రిక్ ఉల్రిక్‌లా ఉన్నందువల్లే. ఒక్క తేడా మాత్రం ఉంది. ధృతరాష్ట్రుడిలా ఉల్రిక్ విధి మీద నెట్టేసి చేతులు కట్టుకుని కూర్చోడు. అందుకే అతని మీద మనకి గౌరవం మిగులుతుంది.

దీనికన్నా దగ్గరి పోలిక దశరథుడిది. అయోధ్యకాండలో రాముడు అడవికి పోయాక, తాను చనిపోయే రాత్రి కౌసల్యకి చెప్పుకుంటాడు. వయసులో ఉండగా సరయూ ఒడ్డున కుండలో నీళ్ళు నిండే చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. చనిపోయింది గుడ్డి తల్లిదండ్రులకి ఆధారమైన కొడుకు. ఇంకొకరి బిడ్డని కొట్టిన చెయ్యి, తర్వాత తన బిడ్డ కోసం ఏడ్చింది. ఉల్రిక్‌లో ఈ క్రమం తిరగబడింది. ముందు తన బిడ్డ కోసం ఏడ్చాడు, ఆ ఏడుపుతోనే ఇంకొకరి బిడ్డని కొట్టాడు. దశరథుడు చూడకుండా వేశాడు. ఉల్రిక్ చూసి కొట్టాడు. నాకు ఉల్రిక్ తప్పే పెద్దదనిపిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ఇంతవరకు చదివి ఉల్రిక్‌ని విలన్‌గా తేల్చేయకండి. రాయి దెబ్బ తర్వాత అతను 1953లోనే దొరికిపోతాడు. ఆ ఊరి పోలీసు ఎగోన్ టీడెమాన్ అతన్ని పట్టుకుంటాడు. చేయని పిల్లల హత్యలు కూడా నెత్తిన పడతాయి. మధ్యలో హన్నా కాలం దాటి వచ్చి, చెరసాలలో అతన్ని చూసి, విడిపించగలిగీ వదిలేసి పోతుంది. ముప్పై ఏళ్ళకి పైగా బందీగా ఉండి 1987కి చేరేసరికి జుట్టంతా తెల్లబడ్డ ముసలివాడు. ఆ ఏడాది ముసలి ఎగోన్ చేతిలో మిక్కెల్ ఫోటో చూస్తాడు. తప్పించుకుని ఆ నర్సు ఇంటికి పోతాడు.

అక్కడ మిక్కెల్ ఇంకా పిల్లవాడే. తండ్రికి మూడు దశాబ్దాలు గడిచాయి, కొడుకుకి కొన్ని నెలలే. అయినా పిల్లవాడు ఆ తెల్లజుట్టు మనిషిని పోల్చుకుంటాడు. ఇద్దరూ గుహ వైపు నడుస్తారు, పోలీసులు వచ్చి పట్టుకుంటారు.

మొత్తం కథలో ఉల్రిక్ దోషిని వదిలేసి కొడుకుని మాత్రమే వెతికిన సీన్ నాకు తెలిసి ఇదే. ఈ ఒక్కసారే అతనికి కొడుకు దొరికాడు. రచయితలు దీన్ని నోటితో చెప్పించరు. మీరూ చెప్పించకండి.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి పెట్టి చూడండి. 1986లో గుహలోంచి బయటికొచ్చిన మిక్కెల్ నేరుగా తన ఇంటికే పోయాడు. అక్కడ ఉన్నది టీనేజీ కుర్రాడైన ఉల్రిక్. ఇంటికొచ్చిన కొడుకుని తండ్రి గుర్తుపట్టలేదు, పట్టే అవకాశమూ లేదు. ఆసారి తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది కొడుకే.

సీరీస్ చివరికి తేలేది కూడా ఒక తండ్రి కథే. ఈ ముడులన్నిటికీ మూలం టాన్‌హౌస్ అనే గడియారాలు చేసే ఆయన. గొడవపడి ఇంట్లోంచి వెళ్ళిపోయిన కొడుకు, కోడలు, మనవరాలు 1971లో కారు ప్రమాదంలో పోతారు. వాళ్ళని వెనక్కి తెచ్చుకోవాలని ఆయన చేసిన యంత్రం లోకాన్ని చీల్చింది. యోనాస్, ఉల్రిక్ కూతురు మార్తా వెళ్ళి ఆ కారుని ఆపుతారు. కొడుకు ఇంటికి తిరిగి వెళ్ళి తలుపు కొడతాడు, అంతే, ముడి విడిపోతుంది. ఆ విడిపోయిన లోకంలో ఉల్రిక్ లేడు, అతని పిల్లలూ లేరు. కథరీనా ఉంది. దీని మీద ఇంకో సమాధానం రాయొచ్చు, ఇప్పుడు వద్దు.

మీ నాటిక సంగతి. తండ్రి ప్రేమని మాటల్లో పెట్టకండి, అతనికి తెలిసినవీ తెలియనివీ జాబితాలో పెట్టండి. కావలిలో ఒకసారి కొడుకు తప్పిపోయిన తండ్రి కథ ఆడించాను. ఆ వేషం వేసింది బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన, మంచి నటుడు. రిహార్సల్లో పోలీస్ స్టేషన్ సీన్ వచ్చేసరికి భోరున ఏడ్చేవాడు. హాల్లో అందరికీ కళ్ళు చెమ్మగిల్లేవి, కానీ సీన్ నిలబడేది కాదు. వారం తర్వాత డైలాగులు మార్చాను. తండ్రి గడగడా చెబుతాడు, అనుమానం ఉన్నవాడి బండి నంబరు, వాడు టీ తాగే కొట్టు, వాడు ఫోన్ మాట్లాడిన టైము. స్టేషన్ రైటరు అన్నీ రాసుకుని తల ఎత్తకుండా అడుగుతాడు, ‘బాబు ఏ రంగు చొక్కా వేసుకున్నాడండీ?’

పెద్దాయన ఏడవలేదు. నోరు తెరిచాడు, మూశాడు. చెయ్యి జేబులోకి పోయింది, అక్కడ ఏదో కాగితం ఉన్నట్టు వెతికింది. పెద్దాయన డైలాగు మర్చిపోయాడేమోనని ప్రాంప్టరు అందించబోతే నేను ఆపాను.

కాలప్రయాణం స్టేజీ మీద ఎలా చూపించాలని కూడా అడిగారు. గుహలు, మెరుపులు, పొగ పెట్టకండి, పోటీ నాటికకి ఆ ఖర్చు దండగ. మన దగ్గరే ఒక దారి ఉంది. నెల్లూరులో రొట్టెల పండగ మీరు చూసే ఉంటారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, కోరిక తీరినవాళ్ళు తెచ్చి ఇస్తారు. ఆలోచించండి, ఆ నీళ్ళలో ఇచ్చే చెయ్యి తీసుకునే చెయ్యికి రాబోయే కాలం. నీలం గుడ్డ ఒకటి పరిస్తే చెరువైపోతుంది. మీ తండ్రి ఆ నీళ్ళలో దిగి, కొడుకు తిరిగి రావాలని రొట్టె కోసం చెయ్యి చాపుతాడు. ఎదురుగా రొట్టె పట్టుకుని నిలబడ్డ ముసలివాడు అతనే, ముప్పై మూడేళ్ళ తర్వాతివాడు. రొట్టె వెంటనే ఇవ్వడు. చొక్కా రంగు అడుగుతాడు. ఆ ప్రశ్నకి మీ తండ్రి ఏం చెబుతాడో మీరు రాయండి. రాశాక పంపిస్తే చదువుతాను.